పువ్వులు రాలిన పిదప ఆర్కిడ్ సంరక్షణ

మన బోటనీ విభాగంలో, ప్రాక్టికల్ హాలు పక్క వరండాలో, తూర్పు వైపు రెండవ కిటికీ గట్టు మీద ఒక ప్లాస్టిక్ కుండీ ఉంది. గాజులాగా లోపలంతా కనిపించే కుండీ అది. అందులో మట్టి లేదు. బొగ్గు, ఇటుక, కొబ్బరి పీచు ముక్కలు మాత్రం ఉన్నాయి. వాటి మధ్య ఆరు ఆకుల మొక్క, ఆకుల సందులోంచి వచ్చి వంగిన పూలకాడ, దాని మీద ఏడు మొగ్గలు. ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఆ మొగ్గలు విచ్చుకుని ఉంటాయి. అందరూ చూస్తారు, సంతోషిస్తారు, పక్కన నిలబడి ఫోటోలు కూడా తీయించుకుంటారు. దాన్ని గూర్చి నాకు దిగులు లేదు. నా దిగులంతా ఆ పువ్వులు రాలిన తరువాతి సంగతి. అవి మే నెలలోనో జూన్‌లోనో రాలతాయి. ఏప్రిల్‌లో పరీక్షలు వ్రాసి నేను వెళ్ళిపోతాను. అందుచేత ఈ వ్యాసం.

ఈ మొక్క ఇక్కడికి ఎలా వచ్చిందో మొదట చెప్పాలి. నేను మొదటి సంవత్సరంలో ఉండగా, ఫిబ్రవరిలో జరిగిన ఒక సభకు దీన్ని వేదిక మీద అలంకరణకు తెచ్చారు. తెల్లని పింగాణీ పాత్రలో, తొమ్మిది పువ్వులతో ఉండేది. ఏప్రిల్ మొదటి వారందాకా పువ్వులు నిలిచాయి. ఆ తరువాత ఒక్కొక్కటే వాడి రాలిపోయి బోడి కాడ మిగిలింది. చెత్తబుట్ట పక్కన పెట్టి ఉండగా చూశాను. ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది, 850 రూపాయలు. మా ఇంట్లో అయితే మూడు బస్తాల యూరియా వస్తుంది ఆ డబ్బుకి! "మాది వ్యవసాయ కుటుంబం మాస్టారూ, దీన్ని నేను బతికిస్తాను" అని మా లెక్చరర్ గారితో అనేశాను. పదిమందీ విన్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. అందులో మొదటి నెల రోజులూ నేను దాన్ని చంపడానికే శ్రమించానని ఇప్పుడు తెలుస్తోంది.

మొక్క పేరు ఫెలనాప్సిస్. ఫెలనాప్సిస్ అనగా చిమ్మెటను పోలినది. లినేయస్ 1753లో ఈ రకపు మొక్కకు వేరే పేరు పెట్టాడు. 1825లో బ్లూమ్ అనే శాస్త్రజ్ఞుడు జావా మొక్కలను పరిశీలించి దీన్ని ప్రత్యేక ప్రజాతిగా నిలిపాడు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వంటి ఆగ్నేయాసియా దేశాల వాన అడవులు దీని పుట్టిల్లు. మన నర్సరీల్లో దొరికేవి చాలా వరకు సంకరజాతులు. పుట్టింట్లో ఇది నేల మీద మొలవదు. చెట్టు మాను మీద, కొమ్మల నీడలో, వేళ్ళను బెరడుకు అతికించి, ఆకులను పక్కకో కిందికో వేలాడేసి పెరుగుతుంది. వాన పడినా నీరు ఆకుల మొదట్లో నిలవదు, జారిపోతుంది. పది నిమిషాలు తడిస్తే మిగతా రోజంతా గాలే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తక్కిన సంరక్షణ అంతా దానంతట అదే అర్థమౌతుంది. నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమేమిటి, ప్రాక్టికల్ రికార్డులో వాండా వేరు అడ్డుకోత బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, మాస్టారి చేత సంతకం కూడా పెట్టించుకున్నాను! ఆ బొమ్మకీ కిటికీలోని కుండీకీ ఏదో సంబంధం ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఆ బొమ్మలో ఏముందో మన సైన్సు విద్యార్థులకు తెలుసు. ఇతర శాఖల మిత్రుల కోసం క్లుప్తంగా చెబుతాను. ఆర్కిడ్ వేరుకు పైన వెలామిన్ అనే పొర ఉంటుంది. ఎన్నో వరుసల కణాలు, కానీ అన్నీ నిర్జీవ కణాలు. లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. వాన చినుకు పడగానే స్పాంజిలాగా పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఆ గాలి వల్లనే వేరు వెండిలాగా తెల్లగా మెరుస్తుంది. తడవగానే వెలామిన్ పారదర్శకమై, లోపలి వల్కలంలో ఉన్న పత్రహరితం బయటికి కనబడుతుంది. తెల్లవేరు క్షణాల్లో ఆకుపచ్చనైపోతుంది. (నమ్మకం లేనివారు కిటికీ దగ్గరికి వెళ్ళి వేలితో ఒక చుక్క నీళ్ళు వేరు మీద వేసి చూడవచ్చు. ఒక్క చుక్కే సుమా!) అంటే ఈ మొక్క వేరు కూడా ఎండ తగిలితే కొంత ఆహారం తయారు చేసుకోగలదు. దానికి నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. ఎప్పుడూ నీటిలో నానే వెలామిన్‌లోకి గాలి చొరదు. ఊపిరాడని వేరు కుళ్ళుతుంది.

నేనేం చేశానో చూడండి. వరినారుకు నీళ్ళు కట్టినట్టు పొద్దునా సాయంత్రం ఒక్కో గ్లాసు పోశాను. పింగాణీ పాత్రకు అడుగున కన్నం లేదు. లోపలి కుండీలోంచి కారిన నీరంతా పాత్రలోనే నిలిచి ఉండేది. మూడో వారానికి ఆకులు మెత్తబడి ముడతలు పడ్డాయి. ముడతలు పడితే రైతుబిడ్డ ఏమనుకుంటాడు? నీళ్ళు చాలలేదనుకుంటాడు. ఇంకో గ్లాసు పోశాను. ఇదే అందరూ చేసే పొరపాటు. నీరు చాలకపోయినా ఆకు ముడుచుకుంటుంది. నీరెక్కువై వేళ్ళు కుళ్ళినా పీల్చుకునే దిక్కు లేక ఆకు ముడుచుకుంటుంది. ఆకు చూసి ఏది కారణమో చెప్పలేం. వేరు చూడాలి.

మే నెల సెలవులకు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఊరికి బయలుదేరాను. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. కొంచెం వరి, నాలుగెకరాల మామిడి. దిగీ దిగగానే నాన్న చూసి, "ఇదేటిరా, బదనికని కుండీలో ఎట్టి బస్సెక్కించినావు?" అని నవ్వాడు. అమ్మకు నవ్వు రాలేదు. దగ్గరికి వచ్చి, "ఏటో కుళ్ళు వాసనొస్తంది, సూడు" అంది. అప్పుడు కుండీలోంచి మొక్కను బయటికి తీశాను. నాచులాంటి పదార్థం నీరోడుతోంది. వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతోలు జారిపోయి లోపల దారం మాత్రం చేతికొచ్చింది. గట్టిగా ఉన్నవి మూడే మూడు.

నాన్న అన్న బదనిక మాటను గూర్చి ఇక్కడ కొంచెం ఆగాలి. మా వైపు చెట్ల మీద మొలిచే ప్రతిదాన్నీ బదనిక అనే అంటారు. ఏటా తోటలో మనిషిని పెట్టి కొట్టిస్తారు. నిజమైన బదనిక, అంటే లొరాంథస్ కుటుంబపుది, పరాన్నజీవి. అది మామిడి కొమ్మలోకి చూషకాలు దింపి రసం లాగుతుంది, కొమ్మను ఎండబెడుతుంది. దాన్ని కొట్టవలసిందే. కానీ అదే మామిడి మీద వెండి రంగు వేళ్ళతో, గట్టి పట్టీల వంటి ఆకులతో ఇంకొకటి పెరుగుతుంది. అదే మన రికార్డు పుస్తకాల్లోని వాండా రాక్స్‌బర్గీ. ఇప్పటి పేరు వాండా టెసెలేటా. సామర్లకోటలో తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ పేరు మీదుగా ఆ పాత పేరు వచ్చింది. అది వృక్షోపజీవి. చెట్టును నిలబడే చోటుగా వాడుకుంటుందే తప్ప చుక్క రసం తీసుకోదు. పాపం, రెండింటికీ ఒకే కత్తి పడుతోంది. ఈ తేడా నేను తోటలో నాన్నకు చూపించాను. కొమ్మను గోకి, వేరు బెరడు మీదనే ఆగిందని చూపాను. ఆయన ఏమీ అనలేదు.

ఇక వైద్యం. బ్లేడును దీపం మంట మీద కాల్చి చల్లార్చి కుళ్ళిన వేళ్ళన్నీ గట్టి భాగం వచ్చేదాకా కోసేశాను. బ్లేడు కాల్చడం చాదస్తం కాదు. ఆర్కిడ్లలో సింబిడియం మొజాయిక్ వంటి వైరస్ తెగుళ్ళు ఒక మొక్క రసం అంటిన కత్తితో ఇంకో మొక్కకు పోతాయి. ఒకసారి పడితే మందు లేదు. కోసిన చోట్ల పసుపు అద్ది, నీడలో ఒక రోజంతా గాలికి ఆరబెట్టాను. పాత నాచును పూర్తిగా పారేశాను.

కొత్త కుండీలోకి ఏం వెయ్యాలి? మట్టి మాత్రం కాదు. మట్టి రేణువుల మధ్య ఈ వేళ్ళకు కావలసినంత సందు ఉండదు. విదేశాల్లో పైన్ చెట్ల బెరడు వాడతారు. మనకు కట్టె బొగ్గు, పాత ఇటుక, కొబ్బరి పీచు చాలు. అన్నీ రేగిపండు సైజుకు కొట్టాలి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది గనుక మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి కడిగాను. కుండీ కూడా పెద్దది వద్దు. మనకు పెద్ద కుండీ అంటే మొక్కకు సుఖమని ఒక అభిప్రాయం ఉంది. ఇక్కడ అది చేటు. వేళ్ళు లేని చోట తడి అలాగే నిలిచిపోతుంది. నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీకి కాల్చిన ఊచతో అడుగునా పక్కలా కన్నాలు పెట్టి, మొక్కను నిలబెట్టి, ముక్కలు సర్ది, కదలకుండా ఒక పుల్లకు కట్టాను. మూడు రోజులు నీళ్ళు పోయలేదు. అలా చూస్తూ ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టమనిపించింది.

పూలు రాలిన బోడి కాడను ఏం చేయాలి అనే ప్రశ్న అందరూ అడుగుతారు. మీకు జూన్‌లో మొదట ఎదురయ్యేది కూడా ఇదే. కాడ ఎండి గోధుమరంగుకు వస్తే మొదలంటా కోసేయాలి, సందేహం లేదు. పచ్చగా ఉంటే మాత్రం ఆలోచించాలి. కాడ మీద కింది నుంచి కణుపులు ఉంటాయి, ఒక్కో కణుపును చిన్న పొలుసు కప్పి ఉంటుంది. ఆ పొలుసు కింద నిద్రపోయే మొగ్గ ఉంటుంది. కింది నుంచి రెండో మూడో కణుపుకు ఒక సెంటీమీటరు పైన కోస్తే, ఆ మొగ్గ లేచి పక్కకాడ వేసి, రెండు మూడు నెలల్లో మళ్ళీ కొన్ని పూలు పూయవచ్చు. ఇది బలమైన మొక్క సంగతి. వేళ్ళు పోయిన మొక్క చేత, ఆకులు ముడిగిన మొక్క చేత ఇంకో విడత పూయించడం అప్పుల్లో ఉన్నవాడి చేత పెళ్ళి విందు పెట్టించడమే. నేను మొదలంటా కోసేశాను. మీరు కూడా అలాగే చేయండి, ఏడు పువ్వులు పూసి అలసి ఉంటుంది.

ఒక్కోసారి ఆ కణుపు నుంచి కాడకు బదులు పిల్లమొక్క మొలుస్తుంది. దాన్ని ప్రపంచమంతటా కేకీ అనే హవాయి భాష మాటతోనే పిలుస్తారు, బిడ్డ అని అర్థం. దానికి రెండు మూడు వేళ్ళు, రెండంగుళాల పొడవున వచ్చేదాకా తల్లి మీదనే ఉంచి తరువాత వేరు చేయాలి. అలా వస్తే దాన్ని అదృష్టంగా భావించండి, ఎందుకంటే ఇంట్లో విత్తనంతో ఆర్కిడ్‌ను పెంచడం జరిగే పని కాదు. "విత్తనం ఎక్కడుంటాదిరా దీనికి?" అని నాన్న అడిగాడు. ఒక్క కాయలో వేలు, లక్షలు ఉంటాయి, కానీ ధూళి లాంటివి. అంకురచ్ఛదం ఉండదు, అంటే పయనానికి చద్దిమూట లేదన్నమాట. ఒక జాతి శిలీంధ్రం వచ్చి అన్నం పెడితేనే మొలుస్తాయని నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1899లో కనిపెట్టాడు. 1922లో నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు శిలీంధ్రం బదులు చక్కెర కలిపిన అగర్ మీద మొలిపించి చూపాడు. నేటి నర్సరీల వ్యాపారమంతా ఆ సీసాలోంచి పుట్టిందే.

కుండీని పశువుల శాల పక్కన మామిడి చెట్టు కొమ్మకు వేలాడదీశాం. అక్కడ నీడ, గాలి, కింద తడి నేల. జూన్ ఆఖరున వానలు పడ్డాక ఒకనాడు ఉదయం, ఆకు మొదట్లోంచి ఆకుపచ్చని మొన ఒకటి బయటికి వచ్చింది. కొత్త వేరు! ఐదు ఆకుల్లో ఒకటి పసుపుబారి రాలింది గాని తక్కిన నాలుగూ నిలబడ్డాయి. అడుగు ఆకు పసుపుబారితే కంగారుపడి లాగేయవద్దు. మొక్క అందులోని సారాన్ని వెనక్కి తీసుకుంటుంది, పూర్తిగా ఎండాక తానే ఊడుతుంది. పై ఆకు పసుపుబారితేనే ప్రమాదం.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఎన్ని రోజులకొకసారి అని నన్ను అడగకండి. వేరు రంగును అడగండి. కుండీ పారదర్శకంగా పెట్టింది అందుకే. వేళ్ళు పచ్చగా ఉన్నంతసేపు పోయవద్దు. వెండి రంగుకు తిరిగి, కుండీ ఎత్తితే తేలికగా ఉంటే అప్పుడు పోయాలి. మన ఊళ్ళో అది ఎండాకాలంలో మూడు రోజులకు, వానాకాలంలో వారానికి, చలికాలంలో ఐదారు రోజులకు అవుతోంది. ఉదయం పూట కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి, పావుగంట ఓడ్చి, అప్పుడు గట్టు మీద పెట్టాలి. ఆకుల నడుమ, నడినెత్తిన నీరు నిలిస్తే దూది పెట్టి అద్దేయండి. అక్కడ కుళ్ళు పడితే మొక్క పైకి పెరిగే ఏకైక మొన పోతుంది. దానికి ఇంకో తల లేదు. బోరు నీళ్ళలో ఉప్పులెక్కువ. కొన్నాళ్ళకు బొగ్గు మీద తెల్లని పొర కడుతుంది. వాననీరు దొరికినప్పుడు పట్టి ఉంచుకోవడం మంచిది.

ఇంత తక్కువ నీటితో ఎలా బతుకుతుంది? ఇది పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రి తీసుకున్న బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు ఎండలో దాన్ని వాడుకుని కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. దీన్నే మనం సి.ఎ.ఎమ్. పద్ధతి అని చదువుకున్నాం. కలబంద, అనాస, బ్రహ్మజెముడు, రణపాల అన్నీ ఈ కోవలోవే. రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉండి మధ్యాహ్నానికి రుచి మారుతుందని మొదట వ్రాసిపెట్టినవాడు బెంజమిన్ హేన్. రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోట తోటను చూసినవాడే. ఆయన ఉత్తరం 1815లో లండన్‌లోని లినేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మన పాఠ్యపుస్తకంలో ఈ పద్ధతిని గూర్చి రెండు పేజీలు ఉన్నాయి గాని హేన్ పేరు గానీ సామర్లకోట పేరు గానీ లేదు. ఉంటే ఆ పాఠం ఇంకా బాగా గుర్తుండేదని నా అభిప్రాయం.

వెలుతురు బాగా కావాలి, మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. తూర్పు కిటికీ ఎంచుకున్నది అందుకే. ఆకు ముదురాకుపచ్చగా ఉంటే వెలుతురు చాలలేదని, అంచులు ఎర్రబారితే ఎక్కువైందని గుర్తు.

ఎరువు విషయంలో నాన్న దగ్గరి సామానే అక్కరకు వచ్చింది. పైపాటుగా పిచికారీకి వాడే 19:19:19 పొడి. పొలంలో లీటరుకు ఐదు గ్రాములు కలుపుతారు. దీనికి అందులో పదోవంతు చాలు, అంటే పది లీటర్ల బకెట్టుకు ఒక టీస్పూను. కొత్త ఆకు, కొత్త వేరు పెరిగే జూన్ నుంచి అక్టోబరు దాకా రెండు విడతల నీళ్ళకు ఒక విడత ఇది కలిపి పోయండి. నెలకొకసారి ఉత్త నీళ్ళతో బాగా కడగండి. పొడి వేళ్ళ మీద ఎరువు నీళ్ళు పోయకండి, ముందు తడిపి తరువాత పోయాలి. ఎక్కువ వేస్తే త్వరగా పూస్తుందనే ఆశ మా రూమ్మేట్‌కు కూడా కలిగింది. నేను చూడకుండా ఒకసారి చెంచాడు యూరియా వేశాడు. రెండు వేర్ల మొనలు నల్లబడ్డాయి. పురుగుల్లో పిండినల్లి, పొలుసు పురుగు వస్తాయి. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఆకు అడుగున తుడిస్తే పోతాయి.

మళ్ళీ పూయడానికి అసలు కీలకం ఎరువులో లేదు, చలిలో ఉంది. ఉష్ణోగ్రత 28 డిగ్రీలకు పైన ఉన్నంత కాలం ఫెలనాప్సిస్ ఆకులే వేస్తుంది. కొన్ని వారాల పాటు 25కి దిగువన ఉంటేనే ఆకు గ్రీవంలో నిద్రపోయే మొగ్గ పూలకాడగా లేస్తుంది. పెద్ద నర్సరీల వారు మొక్కలను వెచ్చగా ఉంచి పెంచి, కావలసిన పండుగకు లెక్కగట్టి చల్లబరుస్తారు. మనకు ఆ యంత్రాలు అక్కర్లేదు. నవంబరు నుంచి జనవరి దాకా రాత్రులు వరండాలోనే ఉంచండి, గదిలోకి తేకండి. చలి వేస్తుందేమోనని జాలిపడి మొదటి సంవత్సరం నేను హాస్టలు గదిలో, నలుగురం పడుకునే వెచ్చని మూలలో పెట్టాను. పూయలేదు. నడుమ ఒకసారి ఆకు పక్కన ఆకుపచ్చని మొన కనిపిస్తే హాస్టలంతా చాటాను. పది రోజులకు అది కిందికి తిరిగింది. అది వేరు! నెల రోజులు అందరూ నన్ను చూసి నవ్వారు. వేరు మొన గుండ్రంగా నున్నగా ఉంటుంది, పూలకాడ మొన చపటగా, చేతి తొడుగు బొటనవేలులాగా ఒక పక్కకు వంగి ఉంటుంది. ఈ తేడా తెలుసుకుంటే మీకు నా పాట్లు తప్పుతాయి.

ఈ చలి సంగతి దసరా సెలవుల్లో నాన్నకు చెప్పాను. అప్పటికి ఆయన దృష్టిలో పువ్వు పోయిందంటే పంట కోసుకున్నట్టే, దుబ్బు పీకేయాల్సిందే. అంతా విని కాసేపు చుట్ట కాల్చి, "అలాగైతే ఇది వరి కాదురా, మామిడి" అన్నాడు. నేను రెండేళ్ళు చదివి చెప్పలేకపోయిన మాట అది. మామిడికి కూడా కాయలు కోసుకున్నాకే కదా ఎరువు వేస్తాం. వానల్లో చిగుళ్ళు వేసి, అవి ముదిరి, చలి రాత్రులు తగిలితేనే కదా పూత. ఆ ఏడు లేత చిగురు ఆలస్యంగా వస్తే పూత తప్పుతుంది. ఆర్కిడ్ కూడా అంతే. పువ్వులు రాలిన నాటి నుంచి చలి వచ్చే దాకా ఉన్న ఐదారు నెలలే దాని సేద్యపు కాలం. ఆ నెలల్లోనే మనం దాన్ని మూలకు తోసేస్తాం.

పోయిన డిసెంబరు రెండో వారంలో పై నుంచి మూడో ఆకు కింద చేతి తొడుగు మొన కనిపించింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. రెండంగుళాలు పెరిగి పైకే తిరిగాక మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, అటెండరు గారిని పిలిచి కిటికీ మూయవద్దని చెప్పారు. కాడ మొలిచిన నాటి నుంచి కుండీని అటూ ఇటూ తిప్పకూడదు. వెలుతురు కోసం కాడ మెలికలు తిరుగుతుంది. మొగ్గలున్నప్పుడు పక్కన మగ్గే అరటిపళ్ళు పెట్టకండి. పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకు మొగ్గలు రాలిపోతాయి.

కొందరి ఇళ్ళలో డెండ్రోబియం రకం ఉంటుంది. దానికి ఇక్కడ చెప్పిన కాడ కోత పద్ధతి వర్తించదు. ఆకులు రాలిన దాని పాత కాండాలు చెరకు గడల్లా నిలబడి ఉంటాయి, అవి ఎండుపుల్లలు కావు. వాటిలో ఆహారం, నీరు నిలువ ఉంటాయి, కణుపుల దగ్గర మళ్ళీ పూయవచ్చు కూడా. ముడుచుకుని వట్టిపోతే తప్ప కోయవద్దు.

మా తోటలో ఈ సంవత్సరం బదనికలు కొట్టించేటప్పుడు పశువుల శాల పక్క చెట్టు మీది వాండా ఉన్న కొమ్మను వదిలేశారని అమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరు వదిలేయమన్నారో చెప్పలేదు.

జూనియర్ మిత్రులకు చివరగా కొన్ని వివరాలు. ఎరువు పొడి డబ్బా ప్రాక్టికల్ హాలులో రెండవ బీరువా కింది అరలో ఉంది, మూత గట్టిగా పెట్టండి, తేమ పడితే గడ్డ కడుతుంది. బొగ్గు, ఇటుక ముక్కలు అదే అరలో గోనెసంచిలో ఉన్నాయి. ఈ జూన్‌లో, పువ్వులు రాలాక, కుండీ మార్చాలి. పాత కొబ్బరి పీచు ఇప్పటికే మెత్తబడింది. కొబ్బరి పీచు కొత్తది కావాలి. మే నెలలో కళాశాల మూసి ఉంటుంది గనుక ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్ళాలి, బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే ఇబ్బందేమీ లేదు. తీసుకునే వారు మార్చి నెలాఖరులోగా నన్ను కలవండి. ఒక ఉదయం ఇద్దరం కలిసి నీళ్ళు పోద్దాం.